ఒక్కసారే ఆడే టేపు

వినేవాడు లేకుండా పాట ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్తుందన్నది మెకానిక్‌కి ఏళ్లుగా తీరని సందేహం. ఇవాళ సరిగ్గా దాని మీదే నెలలు నిండిన ఓ అమ్మాయి అతనితో తగువుకి దిగింది.

"యూఎస్‌బీకి తగిలించి కాపీ కొట్టెయ్యండి బాబాయిగారూ. రెండు నిమిషాల పనికి అంతసేపు కూర్చోబెడతారేంటి?"

"నీ పెన్‌డ్రైవ్‌కి యూఎస్‌బీ ఉంది తల్లీ, ఈ పాత టేప్‌రికార్డర్‌కి లేదే! దీనికున్నదల్లా ఈ చిల్లు, ఆడియో జాక్. యూఎస్‌బీ అయితే మూట ఎత్తి అవతల పడేసినట్టు పోతుంది, లోపలేముందో ఎవరూ వినక్కర్లేదు. జాక్‌తో అలా కుదరదు. ఇది మొదటి నుంచి చివరిదాకా పాడాలి, కంప్యూటరు ఓపిగ్గా వినాలి."

"అచ్చం మా ఆయనే. ఒక్క ముక్క చెప్పమంటే మొదటి నుంచీ మొదలెడతాడు."

పక్కన కూర్చున్న తల్లి చప్పుడు లేకుండా నవ్వింది. గొంతుకి ఆపరేషనై ఆమెకి మాట పోయింది. ఒళ్లో పలక, బలపం.

"ఈ టేపులో ఉన్నది జోలపాట అండీ, అమ్మే కట్టి పాడింది. మాటలు పలక మీద రాస్తుంది, రాగం ఎలా రాస్తుంది? నేను పాడితే పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు. నా బిడ్డకి అమ్మమ్మ పాట ఉండాలి, అంతే."

మెకానిక్ టేపు తడిమి చూశాడు. వేలికి గోధుమరంగు పొడి అంటింది.

"పాట పట్టి ఉంచే పూత రాలిపోతోంది, ఇది ఒక్కసారే ఆడుతుంది. మీరలా వెళ్లి టీ తాగి రండి."

రెండు కొమ్ముల జాక్ గుచ్చి, ఒక కొమ్ము కంప్యూటరుకి, ఇంకోటి తన చెవులకి పెట్టుకున్నాడు. దేవుడికి దండం పెట్టుకుని మీట నొక్కాడు. మొదటి మాటకే కళ్లు మూసుకున్నాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి పొడంతా రాలి, టేపు వెలిసిన రిబ్బనులా ఉంది. అతను కంప్యూటర్లో పాట పెట్టాడు.

బొంగురు మగగొంతు పాడుతోంది.

మెకానిక్ గబగబా సెట్టింగులు తెరిచి చూశాడు. జాక్ నుంచి తీసుకోమని కంప్యూటరుకి చెప్పడం మరిచాడు. అది తన మైకు తెరిచి గదిలో వినపడ్డదే పట్టింది. వింటూ వింటూ అతను తెలీకుండానే గొంతు కలిపాడు.

"మా అమ్మ గొంతేదండీ?" అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోగొట్టాను తల్లీ. తప్పు నాదే."

పాట మాత్రం ఆగలేదు. నాలుగు చరణాలూ, ఎక్కడా తడబడకుండా, అదే రాగంలో. ఆమె కళ్లు తుడుచుకుని చూసింది.

"అమ్మ ఇది ఇంట్లో తప్ప ఎక్కడా పాడలేదు. మీకెలా వచ్చు?"

"ఇరవై ఎనిమిదేళ్ల కిందట మీ పక్క వాటాలో ఆరు నెలలు అద్దెకున్నాను. మా ఆవిడ ఆస్పత్రిలో, పసిది నా చేతుల్లో. గుక్కపట్టి ఏడ్చేది. అవతల పాట మొదలుకాగానే దాన్నెత్తుకుని గోడకి ఆనుకునేవాణ్ణి. అడక్కుండా వాడుకున్న పాట. ఆ రుణం అలాగే ఉండిపోయింది."

తల్లి పలక మీద ఏదో రాసి అతని వైపు తిప్పింది.

"మా అమ్మాయి మొదటి చరణానికే నిద్రపోయేది. మిగతా మూడూ గోడవైపు తిరిగి మీ పాపకే పాడాను. ఇవాళ తిరిగిచ్చారు. చెల్లు."