చెవికి బదులు వేలు

ముసలాయన రెండో చెవి కూడా నోట్లో పెట్టుకున్నాడు.

కరకరమంది.

తెబాన్ గుండె కూడా అలాగే కరకరమంది.

తెల్లవారకముందు నుంచీ నిప్పుల మీద పందిని తిప్పింది అతనే. కనుబొమలు సగం కాలిపోయాయి. ఒళ్లంతా పొగ వాసన. అతను అడిగిందల్లా దాని రెండు చెవులు. ఇస్తానని నానమ్మ బసిలియా మేరీమాత మీద ఒట్టేసింది కూడా.

ఊరి పండగ రోజు ఇలోకోస్ సీమలో ఏ ఇంటికీ తలుపులు వెయ్యరు. దారినపోయే ఎవరైనా వచ్చి తినొచ్చు. పేరు అడగడం మర్యాద కాదు.

ఈయనా అలాగే వచ్చాడు. తెల్ల బూట్లు, జుట్టుకి నల్ల రంగు.

"నానమ్మా, అవి నావి!" అన్నాడు తెబాన్ పళ్లు కొరుకుతూ.

"వచ్చినాయన ముందు గోలేంట్రా? పో, ఇంకో గిన్నె అన్నం పట్రా."

"ఇప్పటికే బోలెడు తిన్నాడే!"

"తిననీ. ఎంత చిక్కిపోయాడో చూడు పాపం."

ఆ చిక్కిపోయినాయన చొక్కా బొత్తం ఒకటి ఎగిరిపోయి ఎదురింటి కుక్కకు తగిలింది.

భోజనాలయ్యాక ఇల్లు యుద్ధం ముగిసిన మైదానంలా ఉంది. బాబాయి మెట్ల మీద కూలబడ్డాడు. అత్తలు గోడకు ఆనుకుని బరువుగా ఊపిరి తీస్తున్నారు. ఈగల్ని తోలే ఓపిక మనుషులకు లేదు, ఎగిరే ఓపిక ఈగలకూ లేదు.

అయినా ఎవరూ కన్ను మూయలేదు. మూస్తే బాతిబాత్ వస్తుంది. లావుపాటి ఆడదెయ్యం. నిండు కడుపుతో నిద్రపోయినవాడి గుండెల మీద ఎక్కి కూర్చుంటుంది. మనిషి మూలుగుతాడు. కాసేపయ్యాక మూలగడు. దానికి ఒకటే మందు, కాలి బొటనవేలు గట్టిగా కొరికి లేపడం.

"మీరు అలిసిపోయారు, లోపల నడుం వాల్చండి," అంది నానమ్మ.

తన మంచమే ఇచ్చింది. మెత్తటి దిండు పెట్టింది. కిటికీ కూడా మూసింది.

తెబాన్‌కి ఒళ్లు మండిపోయింది.

కాసేపటికి గదిలోంచి మూలుగు.

తెబాన్ మొహం వెలిగిపోయింది.

"అయ్యో పాపం!" అంటూ పరుగెత్తాడు. మేజోళ్లు లాగేశాడు. కుడి వేలు కసిదీరా కొరికాడు. పోయినవి రెండు చెవులు కదా, ఎడమ వేలూ కొరికాడు.

ముసలాయన పెట్టిన కేకకు పక్క ఊరి కోళ్లు వారం దాకా గుడ్లు పెట్టలేదు.

లేచి తెబాన్‌ని కావలించుకుని ఏడ్చాడు. "గుండెల మీద ఎవరో కూర్చున్నారు బాబూ! ఊపిరాడలేదు. నువ్వు లేకపోతే పోయేవాణ్ణి!"

దీవించి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

తెబాన్ వంటింట్లోకి గెంతాడు. "నానమ్మా, కసి తీరింది! రెండు వేళ్లూ కొరికేశా!"

నానమ్మ చేతిలో గరిటె ఆగింది.

"లేచాడా?"

"లేచి, దీవించి మరీ పోయాడు."

నానమ్మ పీట మీద కూలబడింది.

"ఎంత పని చేశావురా వెధవా!"

"నేనేం చేశానే? ఎవరే ఆయన?"

"నా ఇంట్లో, నా చేతి వంట అంత తిని కూడా నన్ను గుర్తుపట్టలేదురా వాడు," అంది నానమ్మ వీధివైపు చూస్తూ. "తెల్లగౌనుతో నన్ను చర్చి గుమ్మంలో పొద్దుగూకేదాకా నిలబెట్టి, ఇంకోదానితో ఓడెక్కి పోయిన నా పెళ్లికొడుకురా!"