వెనక దాచిన చెయ్యి

మలేషియాలోని కోత భారు ఊరి సంతలో కోళ్లు కోసే జుసో పొద్దుటి నుంచీ ఒక పిల్లికి మందు వేయలేక చస్తున్నాడు. కొట్టు వెనకే పుట్టి పెరిగిన అడవిపిల్లి లాంటి పిల్లి అది. కంటికి చీము పట్టింది. మాత్ర పడకపోతే కన్ను పోతుంది.

జుసో మాత్ర ఉన్న చేతిని వెనక దాచుకుని, "రా తల్లీ, భయం లేదు, రా" అంటూ మెత్తగా దగ్గరికి వెళ్లాడు. పిల్లి ఐసు పెట్టెల కిందికి దూరిపోయింది.

అతని భార్య సేమా మూతి విరిచింది.

"బాగుందయ్యా నీ తెలివి. నువ్వు కోడిని పట్టేదీ ఇట్లాగేగా. కత్తి వెనక దాస్తావు, మెడ నిమురుతావు, ముద్దు మాటలు చెబుతావు. ఆ తర్వాత ఏమవుతుందో పిల్లికి తెలియదనుకున్నావా?"

"కోడికి కత్తి చూపించకూడదే. అది మన పద్ధతి."

"ఆ పద్ధతేదో పిల్లికి చెప్పు. ఇటివ్వు."

సేమా మాత్రను పొడి చేసి చేపముక్కలో కలిపి, "తింటే తిను, లేకపోతే గుడ్డిదానివై చావు, ముదనష్టపుదానా" అని అరిచి పడేసింది. పిల్లి నింపాదిగా వచ్చి తినేసింది. సేమా తిట్టాక ఆ కొట్టులో ఎవరి పీకా తెగిన రోజు లేదు.

జుసో ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు. "అలిసిపోయావు, కాసేపు పడుకో సేమా" అన్నాడు మెత్తగా.

సేమా చేతులు నీళ్ల కిందే ఆగిపోయాయి.

"నిన్న మనం ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాతోనూ ఇట్లాగే మాట్లాడుతున్నావు" అంది. "నా గురించి డాక్టరు ఏం చెప్పాడు?"