చూపు పందెం

"మళ్ళీ ఏమీ లేదా! నువ్వు కావాలనే చేస్తున్నావు మరిదీ!"

వదిన పటం మీద టపటపా కొట్టింది. మామూలు రోజుల్లో ఆమె బడి వ్యాను నడుపుతుంది. ఆదివారం మాత్రం మరిది పటం పరిచి నడిపే కథల ఆటలో, పాడుబడ్డ కోటలో నిధి వెతికే వీరురాలు.

ఆ ఆటలో వెతకడానికో పద్ధతుంది. "ఈ గది వెతుకుతున్నా" అని ఆమె అనాలి. మరిది వెడల్పాటి పటాన్ని అట్ట చాటుకు లాక్కుని, చూపు పందెమంటూ పాచికలు వేస్తాడు. పందెం పడితే దొంగతలుపు గీసి, పటం మళ్ళీ ఆమె ముందు పరుస్తాడు. పడకపోతే గీయడు. ఎంత పడిందో మాత్రం చచ్చినా చెప్పడు.

"నాలుగు గదులు వెతికా! ఒక్క తలుపు దొరికితే ఒట్టు. నామీద ఏం పగ నీకు?"

మరిది పటం వంక చూశాడు. ఆమె వంక చూశాడు. నోటిదాకా వచ్చిన వెటకారం అక్కడే ఆగిపోయింది.

"ఇవాళ్టికి ఆపేద్దాం వదినా. కొత్త రూలు పెడుతున్నా. నిజంగా కళ్ళ డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని కాగితం తెస్తే, చూపు పందేనికి ఐదు పాయింట్లు కలుపుతా."

"ఐదా! మాట తప్పావో, చూడు మరి!"

అసలే మొండిఘటం. మర్నాడు పిల్లల్ని బడి దగ్గర దింపి, నేరుగా కళ్ళాసుపత్రికి వెళ్ళింది.

సాయంత్రం వచ్చి మరిది ఎదురుగా కూలబడింది.

"నీ పాయింట్లు నాకొద్దు నాయనా. పక్కచూపు పోతోందట. మనకు తెలియకుండానే పోతుందట మాయదారి జబ్బు! తొందరగా వచ్చాను కాబట్టి, చుక్కలమందుతో ఉన్న చూపు నిలబెడతానన్నాడు డాక్టరు. తను చెప్పేదాకా వ్యాను ముట్టుకోవద్దన్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిపుంటే... ఆ పిల్లలు..."

బల్ల మీది పాచికలు తీసి కళ్ళకద్దుకుంది.

"పుణ్యం కట్టుకున్నాయివి. ఒక్కసారి పందెం పడినా నేను గొడవ పడేదాన్ని కాదు, నీకా రూలు తట్టేదీ కాదు. పడకపోవడమే నా అదృష్టం!"

మరిది నిన్నటి పటం తెచ్చి పరిచాడు. దాని ఎడమ అంచును మెల్లగా ఆమె ముక్కుకు సూటిగా జరిపాడు.

అక్కడ ఎర్ర సిరాతో, వేలెడంతేసి, నాలుగు తలుపులు!

"ప్రతిసారీ పడింది వదినా."