బుచ్చవ్వ గోడ మీద ఎర్రగీత

"ఏయ్, ఎవలయ్యా నువ్వు? మా గోడకు గా రంగేంది?"

బుచ్చవ్వ అరుపుకు కోడలు నవత లోపల్నుంచి పరుగున వచ్చింది.

వాకిట్లో యాభై ఏళ్ల మనిషి. ఒక చేతిలో కొలతకర్ర, ఇంకో చేతిలో బ్రష్షు. గోడ మీద ఛాతీ ఎత్తున ఎర్రగీత, ఇంకా తడిగా ఉంది.

"వరద బీమా సర్వే, అవ్వా. నా పేరు లక్ష్మీరాజం. గంగ పొంగితే నీళ్లు గిక్కడిదాక వస్తయి."

ఊరి ముందు పారే గోదావరిని అక్కడందరూ గంగ అనే అంటారు.

నవత పక్కకు చూసింది. మూడేళ్ల కూతురు ప్రవళిక గోడకు ఆనుకుని నిలబడింది. గీత పాప తల కంటే పైన ఉంది.

జనం పోగయ్యారు. ఎర్రగీత అంటే అందరికీ భయమే. ఆ ఇంటికి బీమా దొరకదు; ముప్పు తక్కువని పసుపు గీత గీస్తేనే దొరుకుతుంది. బీమా లేకుంటే బ్యాంకు లోను రాదు. దుబాయ్‌లో ఉన్న నవత భర్త మల్లేష్, ఈ పెంకుటిల్లు తీసి స్లాబు వేయాలని ఆ లోను కోసమే చూస్తున్నాడు.

వార్డు మెంబరు సంపత్ ముందుకొచ్చాడు.

"సార్, జర పసుపు గియ్యుండ్రి. ఎర్రగీత ఊరికి పిల్లనెవడిస్తడు? నాకింక పెండ్లి గాలే!"

అందరూ నవ్వారు. లక్ష్మీరాజం నవ్వలేదు.

"ఎనభై ఆరుల గంగొచ్చినప్పుడు నేనున్న. నీళ్లు గడప దాటలే" అంది బుచ్చవ్వ.

అది ఊరంతా కూడబలుక్కున్న అబద్ధం.

లక్ష్మీరాజం పాత టేకు దర్వాజ మీద వేలు పెట్టాడు. నడుము కంటే పైన, చెక్క రంగు అడ్డంగా మారిపోయి ఉంది.

"దర్వాజ వేరే చెప్తుంది, అవ్వా."

బుచ్చవ్వకు ఒళ్లు మండింది.

"గిది నీ ఇల్లయితే గిట్లనే ఎర్రగీత గీస్తవా?"

బ్రష్షు పట్టుకున్న చేయి ఆగింది.

"మా ఇంటికి గియ్యలే, అవ్వా."

"విన్నరా! సొంతింటికి గియ్యడట. మనకు గీస్తడట!"

సంపత్ రంగు డబ్బా లాక్కుని మురుగు మోరీలో పారబోశాడు. ఎవరో కొలతకర్ర విరిచారు. మే నెల ఎండ. ఒక్కరూ మంచినీళ్లు ఇవ్వలేదు.

పోతూ పోతూ అతను నవత దగ్గర ఆగాడు.

"బిడ్డా, గంగ దిక్కు చూడకు. గంగ నిండితే ఎనక వాగు ఎదురు పారుతది. అది కనవడంగనే పాపను ఎత్తుకొని బడి గడ్డకెక్కు. కల్వర్టు మునిగినంక తొవ్వుండది."

వారం తిరగకముందే ఊరంతా అతని మీద అర్జీ పెట్టింది. సుధాకర్ అనే కొత్త సర్వేయర్ వచ్చాడు. జీపు దిగకుండానే ఊరంతటికీ పసుపు గీతేనని కాగితంలో రాసుకుని పోయాడు.

పోచమ్మ బోనాలకు బుచ్చవ్వ గోడకు సున్నం వేసింది. తెల్లారేసరికి గీత మళ్లీ తేలింది. ఇంకోసారి వేసింది. మళ్లీ తేలింది. చివరికి, గోడ కింద మోకాలి ఎత్తు పూసే ఎర్రమట్టి జాజును ఛాతీ దాకా పూసి దాచేసింది.

"గిదేందత్తా, ఇంటికి లంగ ఛాతి దాక కట్టినవ్!" అంది నవత.

ఇద్దరూ నవ్వారు. కానీ ఆ రాత్రి నవత పాపను గోడ పక్కన పడుకోబెట్టలేదు.

జులైలో వాన పట్టుకుంది. నాలుగు రోజులు తెరిపి లేదు. మగవాళ్లంతా గంగ ఒడ్డున, రేవు మెట్ల దగ్గర కాపలా ఉన్నారు.

"ఇంక రెండు మెట్లున్నయ్. ఫికర్ లేదు!" సంపత్ కేకేశాడు.

నవత పెరట్లోకి వెళ్లింది.

వాగులో ఒక తంగేడు కొమ్మ తేలుతోంది. గంగ వైపు కాదు, ఊరి వైపు. దాని వెనక ఒక చెప్పు, దాని వెనక గడ్డిమోపు. చప్పుడు లేదు. నీళ్లు దొంగలా వెనక్కి నడుస్తున్నాయి.

నవత ఇంట్లోకి పరుగెత్తింది.

"అత్తా! వాగు ఎదురు తిరిగింది!"

పాపను చంకనేసుకుని, అత్తను లాక్కుంటూ, ఇంటింటి ముందూ అరుస్తూ పరుగెత్తింది. కల్వర్టు మీద అప్పటికే మోకాలి లోతు. సంపత్ చివరగా దాటేసరికి నడుము లోతు.

వాళ్లు గడ్డ మీద నుంచి చూస్తుండగానే ఊరు మునిగింది.

మూడో రోజు కిందికి దిగారు. గోడ మీద జాజంతా కొట్టుకుపోయింది. ఎర్రగీత మిగిలింది. బురద సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగింది.

నష్టం రాసుకోవడానికి సుధాకర్ వచ్చాడు. తల ఎత్తడం లేదు.

"లక్ష్మీరాజం సారేడి?" అడిగింది నవత.

"మీ అర్జీ మీద తీసేసిన్రు. జీతం లేకున్నా రంగు డబ్బ పట్టుకొని గంగొడ్డు ఊర్లు తిరుగుతుండంటరు. యాడున్నడో తెల్వది."

బుచ్చవ్వ గీతను చేత్తో తడిమింది.

"దొరికితే కాళ్లు మొక్కుత. గని సొంతింటికి గియ్యలేదన్నడు. ఎందుకు గియ్యలే బిడ్డా?"

సుధాకర్ రాస్తున్న కాగితం మడిచాడు.

"వాళ్లూరి సర్వే గూడ ఆయనదే, అవ్వా. ఊరోళ్లంత బతిమిలాడితే పసుపు రాసిండు. తర్వాత వరదొస్తే, పసుపే గదా అని ఆయన పెండ్లాం, బిడ్డ ఇల్లు కదల్లే."