ఎండ కన్నెరగని పిల్ల

భర్త ఫోన్ చేసేసరికి ఆమె చేతులకి గ్లవుజులున్నాయి. మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"మన పిట్ట పార్కులో ఉంది. నా పక్కనే ఉంది. నువ్వు కంగారుపడకు," అన్నాడతను.

ఆమె గోడగడియారం వంక చూసింది. పన్నెండున్నర. కిటికీలోంచి చూస్తే ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఆమె పరిశోధన ఆకుపచ్చ నాచు మీద. నీళ్లతొట్టె గోడలకి పట్టే మామూలు నాచు లాంటిదే. దాన్ని గాజుసీసాల్లో పెంచి, పైన అతినీలలోహిత దీపం వేసి, ఎలా బతుకుతుందో చూడటం ఆమె ఉద్యోగం. ఒక్కో రకం నాచుది ఒక్కో ఉపాయం. కొన్ని వెలుగు ఎక్కువైతే ఈదుకుంటూ నీడకి పోతాయి. కొన్ని ఒంటినిండా ఎర్రరంగు నింపుకుని, దాన్నే గొడుగులా కప్పుకుంటాయి. తమకి అక్కర్లేని వెలుగుని వేడిగా మార్చి బయటికి వదిలేస్తాయి. అప్పటికీ లోపల ఏదైనా తెగితే, ఆ వెలుతురునే వాడుకుని అతికించుకుంటాయి.

కంటికి కనపడని ప్రాణికి ఇన్ని తెలివితేటలిచ్చిన దేవుడు మనిషి పిల్లకి ఎందుకివ్వలేదని ఒకసారి పక్క బల్ల ఆవిడతో అంది. ఆవిడ సీసాలు కడగడానికి లేచింది.

ఆ ఇంటికొచ్చిన జబ్బు సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. లక్షల్లో ఒకరికి వచ్చేది. మామూలు మనిషి చర్మం ఎండ చేసిన గాయాన్ని తనే కుట్టేసుకుంటుంది. ఆ జబ్బున్నవాళ్ల చర్మానికి ఆ కుట్టుపని రాదు. ఎండ తగిలితే మచ్చలు, మచ్చలు ముదిరి పుళ్లు, పుళ్లు చివరికి ప్రాణం మీదికి తెస్తాయి.

అందుకే ఎనిమిదేళ్లొచ్చినా కూతురు పిట్ట ఎండ కన్నెరగదు. ఇంట్లో కిటికీలన్నిటికీ నల్లకాగితం, పగలు వీధితలుపుకి తాళం. చదువు ఇంట్లోనే. పొద్దుగూకాకే వాకిట్లోకి రావడం. అదీ పొడుగుచేతుల చొక్కాతో, చెవులదాకా దిగే పాత టోపీతో.

వారానికోసారి తల్లి భూతద్దం పట్టుకుని పిల్ల ఒళ్లంతా గాలించేది. ఇన్నేళ్లలో ఒక్క మచ్చ దొరకలేదు. అదంతా తన లేపనం చలవేనని ఆమె నమ్మకం. నాచులోంచి తీసిన సారంతో తనే కలిపిన పచ్చటి లేపనం. అది రాస్తుంటే పిల్ల ముక్కు మూసుకునేది. చేపలబుట్టలో పడ్డట్టుందమ్మా అనేది. తండ్రి నవ్వేవాడు. తల్లి నవ్వేది కాదు.

అతను సిటీబస్సు డ్రైవరు. పగలంతా ఎండలో తిరిగే మనిషి. ఇంటికొస్తే చీకటిగుయ్యారం. ఒక్కరోజు పిల్లని బయటికి తీసుకెళ్దామని అప్పుడప్పుడు నసిగేవాడు. ఆమెది ఒకటే జవాబు. ఒకసారి నీ మాట విన్నది చాలదా అనేది. ఆ మాటతో అతను లేచి వెళ్లి, అప్పటికే తుడిచిన బూట్లు మళ్లీ తుడుచుకునేవాడు.

ఫోన్ పెట్టేసి ఆమె సీసాల మీది దీపం కూడా ఆర్పకుండా పరిగెత్తింది. పార్కు రెండు వీధుల అవతలే.

ఇసుకలో పిట్ట చేతుల్లేని గౌనుతో, టోపీ లేకుండా, చెప్పుల్లేకుండా గెంతుతోంది. తన నీడని తొక్కాలని చూస్తోంది. కాళ్ల కిందే ఉన్నా అది దొరకడంలేదు.

ఎంతసేపటినుంచి అని ఆమె భర్తని అడిగింది. పావుగంటలో వెళ్లిపోదామనుకున్నానని, పిల్ల కదలనంటే రెండు గంటలైందని అతను చెప్పాడు. సెలవు కదా అని పొద్దున్న తను ఇంట్లో ఉంటే, ఎండ తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా అని పిట్ట అడిగిందట. చెప్పేకన్నా చూపిద్దామనిపించిందట.

"తాళం నేనే తీశాను," అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిట్టడానికి ఊపిరి ఉంటేగా. ఒంటిమీది తెల్లకోటు విప్పి పిల్లకి తలమీంచి చుట్టేసింది.

"ఇంకొంచెంసేపమ్మా," అంది పిట్ట కోటులోంచి. దాని బుగ్గలు కందిపోయి ఉన్నాయి. ఆ ఎరుపు చూడగానే తల్లి ఆసుపత్రికి పదమంది. పిల్లని భర్త ఎత్తుకున్నాడు. దారిలో టాక్సీ దొరికితే ముగ్గురూ ఎక్కారు.

చర్మవ్యాధుల డాక్టరమ్మకి ఆ కుటుంబంతో పన్నెండేళ్ల పరిచయం. భోజనం మధ్యలో లేచి వచ్చింది. పిల్లని బల్లమీద కూర్చోబెట్టి చేతులు, మెడ, చెవుల వెనక చూసింది. ఎక్కడా తొందరపడలేదు. ఆ నిదానమే తల్లిని నిలవనివ్వలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో రెండు గంటలసేపండీ అని మూడుసార్లు చెప్పింది. పిల్ల ఇంకెంతకాలం ఉంటుందో దాచకుండా చెప్పమంది. లేపనం ఇంకా గాఢంగా చేస్తానంది. నాచుకి చేతనైనది నా పిల్లకి చేతకాకుండా పోతుందా అంది. మాట మీద మాట పడుతోంది, ఏదీ పూర్తవడంలేదు.

భర్త గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మీరే చెప్పండి డాక్టరమ్మా. నాకు చెప్పే మొహం లేదు," అన్నాడు.

డాక్టరమ్మ పిట్టని నర్సు వెంట పక్కగదిలోకి పంపింది. తలుపు దగ్గరగా వేసింది. తన కుర్చీలో కూర్చోకుండా ఇవతలికి వచ్చి, తల్లి పక్కన కూర్చుంది.

"ఆ జబ్బుతో పోయింది మీ పెద్దమ్మాయమ్మా, ఈ పిల్లకి అది లేదని పుట్టిన నెలకే పరీక్ష చేయించి ఆ కాగితం మీ చేతికే ఇచ్చాను."