రెండు పేర్ల బోర్డు

మొదటి పేరు మసగ్గా వచ్చినప్పుడే లేజరమ్మ చెక్కే మెషిన్‌ని ఆపాల్సింది. ఆపలేదు. రెండో పేరు పూర్తయ్యేసరికి అక్షరాల అంచులు చెదిరిపోయి, చెక్క మీద ఎవరో బొగ్గు రుద్దినట్టయింది.

"అయ్యో!" అంది కౌంటర్ అవతల నుంచున్నావిడ.

ఆ ఒక్క మాటకే లేజరమ్మ చెవులు వేడెక్కాయి.

చెక్క షాపుది కాదు, ఆవిడ తెచ్చుకున్నది. ఆవిడ కొత్త మొగుడు సెలవు రోజంతా కూర్చుని స్వయంగా చిత్రిక పట్టిన పలక. ఇంకోటి లేదు. సాయంత్రానికల్లా ఇద్దరి పేర్లతో అది వాళ్ళ వాటా తలుపు మీద ఉండాలి.

ఆవిడకి యాభై దాటాయి. పెళ్ళి పోయిన వారమే అయింది. వచ్చినప్పట్నుంచీ నోరు ఊరుకోవడం లేదు.

"నిన్న ఇద్దరం కర్టెన్లు కొనడానికెళ్ళామా, రంగు దగ్గర పెద్ద గొడవ. నేను పచ్చ అంటే ఆయన నీలం అంటారు. షాపువాడు తల పట్టుకున్నాడు. నాకైతే ఎంత బాగుందో! కర్టెన్ల గురించి నాతో దెబ్బలాడే మనిషి ఉండి ఎన్నేళ్ళయిందో."

వెనక బల్ల దగ్గర స్టిక్కరన్న మూతి బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. స్టిక్కర్లు కత్తిరించడం ఆయన పని. అందరికీ పేర్లు పెట్టడం ఆయన సరదా. లేజరమ్మకి ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఇందాక కౌంటర్ అవతలావిడ లోపలికి రాగానే "ఎవరు?" అని కళ్ళతోనే అడిగాడు.

"ఎవరో కస్టమర్ అన్నా," అంది లేజరమ్మ. ఎంత తొందరగా పని కానిచ్చి పంపేస్తే అంత మంచిదనుకుంది. తప్పు అక్కడే జరిగింది.

లెన్సుకీ చెక్కకీ మధ్య ఎంత ఎడం ఉండాలో చూసుకోవడానికి వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఒకటుంది. దాన్ని చెక్క మీద నిలబెట్టి, లేజర్ తల దానికి ఆనేదాకా దించి, మర బిగించి, ముక్క తీసేయాలి. లేజరమ్మ ఆ ముక్క జోలికే పోలేదు. కంటి అంచనాతో దించేసింది.

ఇప్పుడు తేడా ఎక్కడొచ్చిందో చూద్దామని మూత ఎత్తింది. తల లోపలికి వంచి, నిప్పు చుక్క ఎలా పడుతోందో చూడ్డానికి బటన్ మీద వేలు పెట్టింది. రక్షణ కళ్ళద్దాలు నెత్తి మీదే ఉన్నాయి.

"కళ్ళు!" ఆవిడ అరిచింది. "ముందు ఆ కళ్ళద్దాలు దించుకో! మూత తీసి అలా తొంగిచూస్తారా ఎవరైనా? బోర్డు పోతే పోయింది!"

ఆవిడ చెయ్యి కౌంటర్ మీంచి సగం దాకా వచ్చి ఆగింది. మెల్లిగా దాన్ని వెనక్కి తీసుకుని, భుజం మీది సంచీ సర్దుకుంది.

"చీవాట్లు బాగానే పడ్డాయే లేజరమ్మా!" అన్నాడు స్టిక్కరన్న.

లేజరమ్మ తలెత్తలేదు. పలక తిరగేసింది. రెండో వైపు శుభ్రంగా ఉంది. లేజర్ ఆపేసి, ముక్క పెట్టి, తలని నాలుగు మూలలకీ జరిపి చూసింది. ఒక మూల వెంట్రుకవాసి పల్లంగా ఉంది. దాని కింద కాగితం మడిచి పెట్టింది.

స్టిక్కరన్న పక్కకొచ్చి గొంతు తగ్గించాననుకుంటూ అన్నాడు: "పేర్ల కింద కాస్త జాగా వదులు. రేపు పిల్లలు పుడితే వాళ్ళవెక్కడ చెక్కుతావ్?"

లేజరమ్మ నవ్వింది. కిసుక్కున, పైకే.

పొగ లాగే ఫ్యాన్ ఇంకా వెయ్యలేదు. షాపు నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ మళ్ళీ ఎత్తుకున్న కర్టెన్ల కబురు సగంలో తెగిపోయింది.

మూత వేసి, కళ్ళద్దాలు దించుకుని, లేజరమ్మ మీట నొక్కింది. ఈసారి ప్రతి అక్షరం గీసినట్టు పడింది.

ముందు స్టిక్కరన్నే వచ్చాడు, తల గోక్కుంటూ. "ఏమనుకోకండమ్మా. నా నోటికి అదుపు లేదు."

"ఫర్వాలేదు నాయనా. ఒక్కోసారి నాకే నవ్వొస్తుంది."

"ఇంత బరువు ఒక్కరే మోస్తారా? ఎవర్నైనా తోడు తెచ్చుకోవాల్సింది."

"ఎవరి పనులు వాళ్ళకుంటాయి కదా."

లేజరమ్మ బోర్డుకి కాగితం చుట్టి కౌంటర్ మీద పెట్టింది. "సారీ అండీ," అంది. దేనికో చెప్పలేదు.

"బాగా చెక్కావమ్మా," అంది ఆవిడ. "కళ్ళు జాగ్రత్త."

బోర్డుని రెండు చేతులా గుండెకి ఆనించుకుని, గాజు తలుపుని భుజంతో తోసుకుంటూ వెళ్ళిపోయింది.

'షాపులో మాత్రం నన్ను ఎరగనట్టే ఉండు, నాకు తలవంపులు' అని పొద్దున ఫోన్లో లేజరమ్మ పెట్టిన షరతును, కన్నతల్లి గుమ్మం దాటేదాకా మీరలేదు.