ఈ కెమెరా వద్దమ్మా

"ఈ కెమెరా వద్దమ్మా" అన్నాడు పక్కనున్న ముసలాయన.

తొమోయె చేతిలోని చెక్క కెమెరాను బల్ల మీద పెట్టేసింది. విసుగు ముంచుకొచ్చింది.

ఐదు శనివారాలుగా ఒసాకాలోని పాత కెమెరాల షాపులన్నీ తిరుగుతోంది. ఒకడు ఇనుపది కొనమంటాడు. ఇంకొకడు చెక్కదే మేలంటాడు. మరొకడైతే, "అరచెయ్యంత ఫిల్ముతో మీరేం తంటాలు పడతారండీ" అని నవ్వాడు.

ఆమెకు కావలసింది ఒక్క ఫొటో. దానికోసం రెండు నెలలు క్లాసుకెళ్లి, వాళ్ల కెమెరాతోనే పని నేర్చుకుంది. దాన్ని బయటికివ్వరు.

అమ్మమ్మ కట్టించిన, వీధివాళ్లంతా వచ్చే స్నానశాల రేపటితో మూతపడుతోంది. వచ్చే వారం కూల్చేస్తారు. గోడ నిండా పింగాణీ పలకల ఫుజి కొండ బొమ్మ. దాని ముందు నలభై ఏళ్లుగా ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్న పదకొండు మంది బామ్మలు. పలక పలకా, ముడత ముడతా కనిపించాలంటే పెద్ద ఫిల్మే కావాలి.

"ఎందుకు వద్దు?" అంది తొమోయె.

"తిత్తి బాగాలేదు."

లెన్సుకీ ఫిల్ముకీ మధ్య మడతలు మడతలుగా సాగే నల్లటి తోలు తిత్తిని చూపించాడాయన.

"ఎడమవైపు, మూడో మడత మూలన సూదిమొనంత చిల్లుంది. నీడలో ఏం కాదు. ఎండ పడిందా, ఫిల్ము పాడే."

తొమోయె తిత్తిని దీపం దగ్గరకెత్తి చూసింది. ఏమీ కనిపించలేదు.

"మీరు దీన్ని ముట్టుకోనైనా లేదు. మీకెలా తెలుసు?"

ఆయన ఏదో చెప్పబోయి, షాపు యజమాని కురిహరా వైపు చూసి ఆగిపోయాడు.

"కురిహరా గారూ, దీనికి చిల్లుందా?"

"అన్నీ చూసే పెట్టామండీ" అంటూ కురిహరా అద్దాల బీరువా తుడవడంలో పడ్డాడు.

"ఆ మూలనున్న ఇనుప కెమెరా చూడమ్మా" అన్నాడు ముసలాయన. "మొరటుగా ఉంటుంది గానీ మోసం చెయ్యదు."

"దాని బరువు మీరు మోస్తారా, తాతగారూ?"

"మోస్తా. ఎక్కడికి తేవాలో చెప్పు."

తొమోయెకు ఒళ్లు మండిపోయింది.

"ఓహో, ఇప్పుడర్థమైంది! దీని మీద మీకు కన్నుంది. నేను వదిలేస్తే మీరు ఎగరేసుకుపోదామని!"

ఆయన ముఖం కందిపోయింది.

"అలాగే అనుకో తల్లీ. కానీ ముందు ఒక్క ఫిల్మైనా ఎండలో తీసి చూసుకో."

"నాకంత టైము లేదు! ఇంత వయసొచ్చింది, పక్కవాళ్ల పనిలో తల దూర్చకూడదని తెలీదా?"

ఆయన తల వంచి ఒక దండం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

తొమోయె అదే కెమెరా కొంది. సగం అది నచ్చి, సగం ఆయన మీద పంతంతో.

మర్నాడు పొద్దున బామ్మలంతా తువ్వాళ్లు భుజాన వేసుకుని కొండ బొమ్మ ముందు కూర్చున్నారు.

"త్వరగా కానివ్వవే తొమో! నవ్వీ నవ్వీ కట్టుడు పళ్లు జారిపోతున్నాయి" అంది కినుయె బామ్మ.

"నీకెందుకే బాధ, నువ్వెలాగూ నోరు మూయవుగా!" అంది పక్కామె.

అందరూ ఘొల్లుమన్నారు. పై కిటికీలోంచి ఎండ వచ్చి నేరుగా కెమెరా మీద పడింది. వెలుతురు బాగుందనుకుంది తొమోయె. ఎనిమిది ఫిల్ములు తీసింది.

వాటిని కడిగించి ఫొటోలు తెచ్చుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. అప్పటికి గోడ లేదు.

ఎనిమిది ఫొటోల్లోనూ ఒకటే తెల్లటి మరక. కొండ కొననుంచి బామ్మల మెడల దాకా పాకింది. స్పష్టంగా పడినవి పదకొండు జతల పాదాలే.

తొమోయె ఫొటోలు తెచ్చి కురిహరా ముందు పడేసింది.

"చిల్లుంది! ఆ తాతగారు చెబుతూనే ఉన్నారు. షాపుకొచ్చిన మనిషికి తెలిసింది, మీకు తెలియలేదా?"

కురిహరా తలెత్తలేదు.

"తెలుసండీ. ధర చీటీ మీద రాయమని ఆయన మూడుసార్లు చెప్పారు. రాస్తే ఎవరూ కొనరని నేనే రాయలేదు. తప్పు నాది. డబ్బు వాపసిచ్చేస్తాను."

"డబ్బెవరిక్కావాలి! గోడ తెచ్చిస్తారా? కినుయె బామ్మను కొడుకు ఎక్కడికో తీసుకెళ్లిపోయాడు, ఆవిణ్ణి తెచ్చిస్తారా?"

కురిహరా గల్లాపెట్టె తెరిచి నోట్లు లెక్కపెట్టసాగాడు.

కాసేపటికి తొమోయె గొంతు తగ్గింది.

"ఆ తాతగారు ఎప్పుడొస్తారు? కిందటి శనివారాల్లో కూడా ఇక్కడే చూశాను. నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించమని అడగాలి."

"ఇక రారండీ. ఇల్లు ఖాళీ చేసి వెళ్లారట. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

"మరి ఇన్నాళ్లూ ఏం కొందామని వచ్చేవారు?"

"కొనడానికా?" కురిహరా ఆమె వైపు వింతగా చూశాడు. "భార్య ఆపరేషనుకని ఆ చెక్క కెమెరాను మా దగ్గర అమ్మకానికి పెట్టి, అమ్ముడైందా అని అడగడానికి వచ్చేవారండీ."